మెడ మీద మోపిన నేరం

ఏలూరులో ఎవరికి తల తిరిగినా ముగ్గురు ముద్దాయిలు సిద్ధంగా ఉంటారు: బీపీ, నీళ్లు, మెడ. టీకొట్టు దగ్గర అడిగితే బీపీ అంటారు. వన్‌టౌన్‌లో అడిగితే "ఆ 2020 నాటి నీళ్లండీ, ఇంకా ఒంట్లోంచి పోలేదు" అంటారు. డబ్బు పెట్టి ఎక్స్‌రే తీయించుకున్నవాళ్లయితే మెడ ఎముకలు అరిగాయంటారు, కవరు విప్పి ఆ అరుగుదల చూపిస్తారు కూడా. చెవిని మాత్రం ఎవరూ అనుమానించరు. అది వినడానికే ఉందని మన నమ్మకం.

ఈ ముగ్గురిలో మెడకు జరుగుతున్న అన్యాయం నాకు ఎక్కువ కోపం తెప్పిస్తుంది. బీపీ సంగతి మిషను పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. నీళ్ల సంగతికి తర్వాత వస్తాను. మెడ మీద కేసు అలా కాదు. దానికి ఎక్స్‌రే అనే సాక్ష్యం ఉంది, కాలర్ అనే శిక్ష ఉంది, శిక్ష వేయగానే తల తిరగడం తగ్గుతుంది కూడా. అబద్ధానికి ఇంతకన్నా బలం ఏం కావాలి?

మా మేనత్తది తాడేపల్లిగూడెం. డెబ్బై దాటాయి. ఒకరోజు తెల్లారగట్ల పక్క మీద కుడివైపుకి ఒత్తిగిలిందో లేదో మంచం తిరగబడిపోయిందట. "ఇల్లంతా గానుగలా గిర్రున తిరిగిపోయిందిరా, దుప్పటి గుప్పెట పట్టుకుని కళ్లు మూసేసుకున్నా" అంది. నిమిషం కూడా లేదు, ఆగింది. వాంతయింది. లేచి కూర్చుంటే మామూలే. మధ్యాహ్నం అటక మీది ఊరగాయ జాడీ కోసం తలెత్తితే మళ్లీ అదే గానుగ. ఒక ఆసుపత్రిలో మెడకు ఎక్స్‌రే తీశారు. ఎముకలు అరిగాయి, నరం నొక్కుకుంటోంది, మెదడుకి రక్తం అందడం లేదు అన్నారు. మెడకు కాలర్ కట్టి, మాత్రలు రాశారు. నాలుగు నెలలు వాడింది.

కాలర్ ఉన్నంతసేపు బాగానే ఉండేది. తీసి పడుకుంటే వచ్చేది. ఇంటిల్లిపాదీ ఒప్పేసుకున్నారు: మెడే.

ఇక్కడే మోసం ఉంది. కాలర్ కట్టుకున్న మనిషి తలెత్తదు, వంచదు, పక్కమీద విసురుగా ఒత్తిగిలదు. తల కదలకపోతే ఈ జబ్బు రాదు. పంపు కట్టేసి, చూశారా గొట్టం చిల్లు పూడిపోయింది అన్నట్టు ఉంది ఈ రుజువు. ఎక్స్‌రే సాక్ష్యమూ అంతే. ఏభై దాటినవాళ్లలో చాలామంది మెడల్లో ఏదో ఒక అరుగుదల కనబడుతుంది. వాళ్లలో చాలామందికి తల తిరగదు. అది వయసు గుర్తు, నేరం గుర్తు కాదు.

నిజంగా మెడో కాదో తేల్చుకోవాలంటే ఎక్స్‌రే అక్కర్లేదు. ఇలా తల తిరిగే మనిషిని కుర్చీలో నిటారుగా కూర్చుని మెడను కుడికీ ఎడమకీ తిప్పమనండి. ఆ మనిషికి ఏమీ కాదు. తర్వాత మెడ ఏమాత్రం మెలిపడకుండా ఒళ్లంతా దుంగలా ఒక్కసారి పక్క మీద దొర్లించండి. గిర్రున తిరుగుతుంది. మెడ తిరిగినప్పుడు రానిది, మెడ తిరగనప్పుడు వస్తే ఆ నేరం మెడది ఎలా అవుతుంది? మారింది మెడ మెలిక కాదు, భూమి వైపు తల ఉన్న తీరు. మన ఒంట్లో భూమి ఎటుందో ఎప్పుడూ కొలిచే ముఖ్యమైన పరికరం చెవి లోపల ఉంది. మెడకి తూలుతో ఏ సంబంధమూ లేదని నేననను. దెబ్బ తగిలిన మెడ నొప్పితో పాటు వచ్చే కొద్దిపాటి తూలు గురించి వైద్యుల్లోనే వాదన నడుస్తోంది. కాని ఇల్లు గానుగలా తిరగడం వేరు.

చెవి లోపలి ఆ పరికరంలో ఒక భాగాన్ని బడి పుస్తకాల్లో అర్ధవర్తుల కుల్యలు అన్నారు. పేరుకి నోరు తిరగదు గాని, కుల్య అంటే కాలువే. గోదావరి కాలువా కృష్ణా కాలువా వచ్చి కలిసే ఏలూరులో ఉన్నవాళ్లకి కాలువ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక్కో చెవిలో మూడు బుల్లి కాలువలు, ఒక్కోటి ఒక్కో దిక్కుకి. లోపల ద్రవం. తల తిప్పితే కాలువ గోడ కదులుతుంది, ద్రవం కాస్త వెనకబడుతుంది, ఆ తోపుకి ఒక మెత్తటి తలుపు వంగుతుంది, నరం మెదడుకి కబురు పెడుతుంది. కాలువల మొదట్లో ఒక సంచి ఉంటుంది, యుట్రికిల్. దాంట్లో జిగురు పొర మీద వెంట్రుక మందం కన్నా చిన్న సున్నపు రేణువులు వేలకొద్దీ అతుక్కుని ఉంటాయి. తాపీమేస్త్రీ చేతిలో రసమట్టం చేసే పనే ఇవీ చేస్తాయి. తల ఎటు వాలితే అటు జరిగి, వాలు ఎంతో చెబుతాయి.

సున్నపు రేణువులు అన్నది అలంకారం కాదు. కాల్షియం కార్బొనేట్. నత్తగుల్లలు ఏ సరుకుతో తయారవుతాయో అదే. చేపలకీ చెవిరాళ్లు ఉంటాయి. కొల్లేటి శీలావతి తలలోనూ ఉన్నాయి, బొచ్చె తలలోనూ ఉన్నాయి. చెట్టు మానులో వలయాలు లెక్కపెట్టినట్టు ఆ రాళ్ల మీది వలయాలు లెక్కపెట్టి చేప వయసు చెప్పే శాస్త్రం ఒకటి ఉంది. చేపల పులుసు తింటూ మనం పళ్లెం అంచున ఉమ్మేసే వాటిలో ఈ రసమట్టాలు ఎన్ని పోయాయో.

వయసు మీద పడ్డాక, లేదా తలకి దెబ్బ తగిలాక, ఒక్కోసారి ఏ కారణమూ కనబడకుండానే, కొన్ని రేణువులు సంచిలోంచి ఊడి కాలువలో పడతాయి. ఎక్కువగా పడేది వెనక కాలువలోకి. ఎందుకంటే కూర్చున్నా పడుకున్నా అదే దిగువన ఉండేది. తమ్మిలేరూ బుడమేరూ తెచ్చిన పూడిక కొల్లేట్లోకే ఎందుకు చేరుతుందని ఎవరైనా అడుగుతారా? ఇక తల వాల్చగానే ఆ రేణువులు కాలువలో దొర్లుతూ ద్రవాన్ని తోసుకుపోతాయి. తల ఆగిపోయింది, ద్రవం ఆగలేదు. తలుపు వంగే ఉంది. కుడి చెవి "తిరుగుతున్నాం" అంటుంది, ఎడమ చెవి "లేదే" అంటుంది, కళ్లూ లేదంటాయి. మెదడు ఎవరి మాట నమ్మాలి?

చెవి వల్ల తల తిరిగే జబ్బులన్నిటికీ మూలం ఈ పేచీయే. మనం కదలకుండా కూర్చున్నా రెండు చెవుల నరాలూ ఊరుకోవు. రెండూ సమానంగా కబుర్లు పంపుతూనే ఉంటాయి. కాడికి కట్టిన జోడెద్దుల్లాంటివి. రెండూ సమంగా లాగితే బండి తిన్నగా పోతుంది. ఒకటి మొరాయించినా, ఒకటి ఉన్నట్టుండి ఎగిరి లాగినా, బండి గిర్రున పక్కకి తిరుగుతుంది. రెండు ఎద్దులూ కూలబడితే? బండి తిరగదు, ఆగిపోతుంది. ఇది నా ఊహ కాదు. వెనకటి రోజుల్లో క్షయకి నెలల తరబడి స్ట్రెప్టోమైసిన్ సూదులు పొడిపించుకున్నవాళ్లు కొందరు ఇలా తేలారు. ఆ మందు రెండు చెవుల్నీ సమంగా కాల్చేసేది. వాళ్లకి గిర్రున తిరగడం అరుదు. చీకట్లో గట్టు మీద నడిస్తే మాత్రం తూలి పడేవాళ్లు. చెవి పాడవడం వల్ల తల తిరగదు, రెండు చెవులు ఒప్పుకోకపోవడం వల్ల తిరుగుతుంది. మెడవాదులకి ఈ తేడా చెప్పే సాధనమే లేదు.

తల వాల్చగానే చెలరేగే ఈ తిప్పుడు గురించి రాబర్ట్ బరానీ 1921లోనే రాశాడు. ఆయన అంతకు ముందే, చెవిలోని సమతూకపు అవయవం మీద చేసిన పనికి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి తెచ్చుకున్నవాడు. 1952లో డిక్స్, హాల్‌పైక్ అనే ఇద్దరు దాన్ని మంచం మీదే పట్టుకునే పరీక్ష చెప్పారు. అమెరికాలో పోర్ట్‌లాండ్ వైద్యుడు జాన్ ఎప్లీ, ఊడిన రేణువుల్ని తల తిప్పే వరసతోనే వెనక్కి సంచిలోకి దొర్లించవచ్చని 1980లో సాటి వైద్యుల ముందు చేసి చూపించాడు. నమ్మలేదు సరికదా, నవ్వారు. ఆయన వ్యాసం అచ్చయింది 1992లో. పన్నెండేళ్లు. జబ్బు ఇంత భయంకరంగా ఉంటే మందు ఇంత చవగ్గా ఉండటం పెద్దమనుషులకి మింగుడుపడదు కాబోలు.

నాలుగో నెలలో మేనత్తని ఏలూరు తీసుకెళ్లి ఒక ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాం. చిన్న వయసావిడ. ఎక్స్‌రే కవరు విప్పలేదు. "ఎంతసేపు తిరుగుతుందమ్మా? పడుకున్నప్పుడా, నడుస్తున్నప్పుడా? చెవిలో హోరుందా?" అని అడిగింది. కాలర్ తీయించి బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడి పక్కకి సగం తిప్పి, "భయపడకండి, కళ్లు మాత్రం మూయకండి" అని వెనక్కి పడుకోబెట్టింది. తల బల్ల అంచు నుంచి కాస్త కిందికి వేలాడింది. మూడు నాలుగు క్షణాలు ఏమీ లేదు. తర్వాత మేనత్త కనుగుడ్లు గాలిపటం తోకలా కొట్టుకోవడం మొదలెట్టాయి, ఒక పక్కకి మెలిపడుతూ, పైకి ఎగురుతూ. నా చెయ్యి పట్టుకుని గోళ్లు దించేసింది. అరనిమిషానికి ఆ కొట్టుకోడం దానంతటదే సద్దుమణిగింది. "చూశారా, ఇదే. కుడి చెవి" అంది డాక్టరు. ఆ తర్వాత తల ఎడమకి తిప్పి ఉంచింది, ఎడమ భుజం మీదికి ఒత్తిగిలించి ముఖం నేలవైపు పెట్టించింది, ప్రతి చోటా కాసేపు ఆగింది, చివర లేపి కూర్చోబెట్టింది. మొత్తం అయిదు నిమిషాలు. పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ పడుకోబెట్టి చూస్తే కళ్లు కదల్లేదు.

మేనత్త అడిగిన మొదటి ప్రశ్న: "మాత్రలేమీ రాయవా అమ్మా?"

ఈ ప్రశ్నలో మన వైద్యమంతా ఉంది. వేళ్లతో బాగుచేస్తే బాగైనట్టు లెక్కలోకి రాదు. అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2008లోనూ 2017లోనూ ఈ జబ్బుకి మత్తు కలిగించే తలతిప్పుడు మాత్రలు మామూలుగా వాడొద్దని రాసింది. ఎందుకు వాడకూడదో కాలువ సంగతి తెలిస్తే తేలిగ్గా అర్థమవుతుంది. రాయి అడ్డుపడిన చోట మాత్ర ఏం చేస్తుంది? ఆ మాత్రలు మెదడుని జోకొడతాయి, అంతే. సినరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ లాంటివి పెద్దవాళ్లు నెలల తరబడి మింగితే చేతులు వణకడం, కాళ్లు ఈడ్చడం కూడా రావచ్చు. వణుకు వచ్చాక దానికి ఇంకో డాక్టరు, ఇంకో మాత్ర. ఒక రేణువు తన చోటికి దొర్లక ఇంత సంసారం.

మాత్రలకి మంచి పేరు రావడానికి ఇంకో కారణం ఉంది. ఈ రేణువులు చాలామందిలో కొన్ని వారాలకి వాటంతటవే కరిగో, జారో పోతాయి. ఆ వారాల్లో ఏం చేసినా దానికే ఘనత. ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసినా తగ్గుతుంది. కొల్లేటికోట పెద్దింట్లమ్మకి మొక్కుకున్నా తగ్గుతుంది. అమ్మవారి మీద నాకు ఫిర్యాదు లేదు, ఆవిడ నాలుగు నెలలు కాలర్ కట్టించలేదు.

చెవి అని తేలాక ఇంకో రకం పొరపాటు మొదలవుతుంది. ఇది చదువుకున్నవాళ్లది. ఎవరికి చెవి తిప్పుడు వచ్చినా "మీనియర్స్" అనేస్తారు, ఉప్పు మానేయమంటారు. ప్రాస్పర్ మీనియర్ పేరు గొప్పదే. 1861లో పారిస్‌లో, బధిరుల సంస్థ వైద్యుడుగా ఉంటూ, ఈ తిప్పుడు మెదడులో రక్తం పొంగడం వల్ల కాదు, లోపలి చెవి వల్ల అని నిలబడి చెప్పినవాడు. అప్పటిదాకా నెత్తురు తీసేవాళ్లు, జలగలు పట్టించేవాళ్లు. మన మెడ కాలర్ ఆ జలగకి మనవడే. కాని మీనియర్ జబ్బు నిమిషంలో పోయేది కాదు. ఇరవై నిమిషాల నుంచి సగం రోజు దాకా పట్టి ఉంచుతుంది. ఒక చెవిలో హోరు, బరువు, వినికిడి తగ్గి మళ్లీ పెరగడం, ఇవి తోడుంటాయి. లోపలి ద్రవం పొంగి ఉంటుందని 1938లో లండన్‌లోనూ జపాన్‌లోనూ విడివిడిగా కనిపెట్టారు. ఆ పొంగుకి పొర చిరిగి, ఉప్పు తేడా ఉన్న రెండు ద్రవాలు కలిసిపోయి నరం మూగబోతుందని తర్వాత ఒక వాదం వచ్చింది. బాగా నచ్చే కథ. కాని పొంగు ఉండి కూడా జన్మలో తల తిరగని చెవులూ దొరికాయి. పొంగు గుర్తు, అది ఒక్కటే కారణం అనడానికి వీల్లేదు. దీనికి వాడే బీటాహిస్టిన్‌ని జర్మనీలో 221 మంది మీద తొమ్మిది నెలలు ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూశారు. 2016లో ఫలితం వచ్చింది: రెండు వైపులా తిప్పుళ్లు తగ్గాయి, సమానంగా తగ్గాయి. మాత్ర కన్నా కాలానికి ఎక్కువ శక్తి ఉందని తేలింది.

రోజుల తరబడి ఆగకుండా తిరిగితే అది ఇంకో కథ, చాలావరకు నరం వాపు. పార్శ్వపు తలనొప్పి మనుషులకి వచ్చే తిప్పుడు మరొకటి. వాటి జోలికి ఇప్పుడు పోను.

ఇక నీళ్ల సంగతి. 2020 డిసెంబర్ 5 శనివారం సాయంత్రం నుంచి ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నచోటే పడిపోయారు. కొద్ది రోజుల్లో ఆరువందలు దాటారు. ఒకరు పోయారు. ఢిల్లీ ఎయిమ్స్ రోగుల రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయంది. ఆ నెలలోనే నిపుణులు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చన్నారు, ఒంట్లోకి ఎలా చేరాయో ఇంకా చూడాలన్నారు. ఆ భయం నిజం. ఆ ఊరి వాళ్లు నీటి గురించి అడిగే ప్రశ్న న్యాయమైనదే. కాని పత్రికల్లో "కళ్లు తిరిగి పడిపోయారు" అని రాసిన ఆ ఒక్క మాటతో, తర్వాత ఊళ్లో తల తిరిగిన ప్రతివాళ్లూ ఆ జాబితాలోకి వెళ్లిపోయారు. ఆ రోజు వచ్చినవి ఫిట్స్. నోట నురగ, స్పృహ తప్పడం, లేచాక ఏం జరిగిందో గుర్తు లేకపోవడం. చెవి తిప్పుడులో స్పృహ పోదు. మా మేనత్తకి ప్రతి క్షణం గుర్తుంది, దుప్పటి మీద ఏ పువ్వు పట్టుకుందో కూడా. స్పృహ పోయిందా, అది చెవి కాదు. స్పృహ ఉండి ఇల్లు తిరిగిందా, దాన్ని 2020 ఖాతాలో రాయకండి.

మన మాటకే ఈ తేడా తెలుసు. శోష వచ్చింది వేరు. కళ్లు బైర్లు కమ్మాయి వేరు. దిమ్మెక్కింది వేరు. తూలు వేరు, మైకం వేరు, గిర్రున తిరగడం వేరు. ఆయుర్వేద గ్రంథం మాధవనిదానం కూడా మూర్ఛనీ భ్రమనీ వేరువేరుగానే చెప్పింది. ఇన్ని మాటలుండగా డాక్టరు ముందు కూర్చోగానే అన్నీ కలిపి "గిడ్డీనెస్ అండీ" అనేస్తాం. ఆయన మెడ ఎక్స్‌రే రాస్తాడు. సగం తప్పు మనదే.

కొల్లేటి వైపు మనుషులకి ఇంకో మాట చెప్పాలి. చెరువుల్లో తెల్లారగట్ల వల లాగేవాళ్లలో చిన్నప్పటి నుంచి చెవి కారేవాళ్లు ఉంటారు. కర్ణభేరికి చిల్లు ఉన్న చెవిలోకి చన్నీళ్లు పోతే లోపలి కాలువలో ద్రవం చల్లబడి కదులుతుంది, తల కదలకుండానే గిర్రున తిరుగుతుంది. బరానీకి తన శాస్త్రం దొరికిందే ఇక్కడ: చెవి కడిగే నీళ్లు చల్లగా ఉంటే తల తిరుగుతోందని ఒక రోగి చెప్పినప్పుడు. ఆసుపత్రి కుర్చీలో అయితే అది పరీక్ష. మునిగి ఉన్నప్పుడు అయితే పైకి ఎటో కిందికి ఎటో తెలియదు. అలాంటి మనిషి చనిపోతే ఈత రాకపోవడమో, మద్యమో అంటారు. చీము కారే చెవిలో వేడి నూనె పోసుకుంటూ కూర్చోకండి. చెవి రంధ్రం ముందున్న బుడిపె నొక్కితే తల తిరిగేవాళ్లయితే మరీ ఆలస్యం చేయకూడదు, లోపల జబ్బు ఎముకను తినేస్తూ ఉండవచ్చు.

నన్నూ ఎవరో ఒకరు ఖండించకముందే ఒకటి ఒప్పుకుంటాను. తల తిరిగిన ప్రతిసారీ చెవే అనుకుని మంచం మీద తల దొర్లించే ఉత్సాహం ప్రమాదం. ఆగకుండా తిరుగుతూ, మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒకటి రెండుగా కనబడినా, నిలబడలేక కూలిపోతున్నా అది చిన్నమెదడులో పక్షవాతం కావచ్చు. అప్పుడు ఈఎన్‌టీ కాదు, పెద్దాసుపత్రి, అదీ ఆ గంటలోనే. అందులోనూ స్కానింగ్ ఒక్కటే దేవుడు కాదు. కళ్ల కదలిక చూడటం వచ్చిన డాక్టరు, మొదటి రెండు రోజుల్లో ఎమ్మారై కన్నా బాగా పట్టుకోగలడని 2009లో ఒక అధ్యయనం చూపించింది. మేనత్త విషయంలో కళ్లు చూసిన డాక్టరు ఒక్కరే. మెడ చూసినవాళ్లు చాలామంది.

పోయిన సంక్రాంతికి మళ్లీ వచ్చింది ఆవిడకి. ఈ రేణువులు ఒకసారి ఊడిన చోట మళ్లీ ఊడటం మామూలే. భోగి నాటి తెల్లవారుజామున ఫోన్ చేసి, "వచ్చిందిరా, కుడి చెవే" అంది. ఏలూరు వెళ్లాం, అయిదు నిమిషాలు. వచ్చేటప్పుడు గూడెంలో ఇల్లు చేరగానే అటక మీంచి జాడీ తనే దింపింది. పాత ఎక్స్‌రే కవరు ఆ జాడీ పక్కనే ఉంది. మెడ ఎముకలు అందులో ఇప్పటికీ అరిగే ఉన్నాయి.